గాలి మాట

లారీ హారను కూయడం అందరికీ తెలుసు. అరవడం తెలుసు. అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేచి కూర్చునేలా చేయడం మరీ బాగా తెలుసు. కాని లారీ హారను గొణగడం మీలో ఎంతమంది విన్నారు? నేను విన్నాను. 2024 డిసెంబరులో, టేకుమట్లలో. జలుబు చేసిన మేకపిల్ల అరిచినట్టు మొదలై, సగంలో గొంతు జారి, చివరికి ఉత్త గాలి ‘హుస్సు’మని పోయింది. ఆ గొణుగుడు ఏం చెబుతోందో తెలుసుకోవడానికి ఒక రోజు పట్టింది. తెలిశాక మాత్రం ఒళ్ళు జలదరించింది. లారీల గొడవ మనకెందుకు అనుకోకండి. మన పిల్లలు బడికి నడిచే రోడ్డు మీదే అవీ నడుస్తాయి.

టేకుమట్ల మా అక్క మెట్టినూరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా చిట్యాల మండలంలో ఉండేది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు తనే ఒక మండలకేంద్రమై భూపాలపల్లి జిల్లాలో చేరింది. పత్తీ వరీ పండే నేల. పత్తి ఏరే రోజుల్లో ఆ దారుల వెంట తుమ్మకంపలకు కూడా తెల్లటి దూది పూస్తుంది. బస్తాల్లోంచి ఎగిరిన దూది అది. మా మేనల్లుడు ఒక పాత లారీ కొని, ఆ పత్తినే వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకి తోలుతున్నాడు. ఆ లారీ అంతకు ముందు ఇద్దరి చేతుల్లో నలిగి వచ్చింది. పెళ్ళికూతుర్ని చూసినట్టు రంగు చూసి కొన్నాడని మా బావగారి ఫిర్యాదు. దానికి తోడు ఆ లారీకి మామూలు హారను కాదు, గాలితో ఊదే హారను. అందులోనూ ఒకటి కాదు, మూడు బూరలు, ఒక దాని తర్వాత ఒకటి పాట పాడినట్టు మోగుతాయి. ఊరి మలుపులో అది మోగితే మా అక్క ఇంట్లో అన్నం గిన్నె దించేది.

ఆ రోజు మోగలేదు, గొణిగింది.

చెట్టు కింద లారీ ఆగగానే సలహాలు మొదలైనాయి. మన ఊళ్ళలో మనిషికి జ్వరం వచ్చినా, బండికి జబ్బు చేసినా వైద్యులకు కరువుండదు గదా! బ్యాటరీ దిగిపోయిందని ఒకాయన. హారనే చెడిపోయింది, కొత్తది వేయించమని ఇంకొకాయన. వీళ్ళిద్దరినీ తోసిరాజని, ట్రాక్టర్లకూ లారీలకూ దీపాలూ హారన్లూ బిగించే కుర్రవాడొకడు ముందుకొచ్చాడు. “అన్నా, గంత కత ఎందుకు? సీదా బ్రేకు ట్యాంకు కెంచి లావు పైపు ఒకటి ఏద్దాం. అర్ధగంట పని. మోతకు ఊరు లేవాలె!” అన్నాడు.

మా వాడి ముఖం వెలిగింది. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి పత్తి లోడు. లోడు పోతే కిరాయి పోతుంది, కిరాయి పోతే ఆ నెల కంతు ఆలస్యమవుతుంది. అర్ధగంటలో పని అయితే అంతకన్న ఏం కావాలి?

నేను వెనకాల నిలబడి, “పోనిద్దూ అక్కా, హారనే గదా, గాలే గదా!” అన్నాను.

మా అక్క నావైపు ఒక చూపు చూసింది. “గాలే గదా అంటవేంది తమ్మీ? ఓడేడు వంతెన గడ్డర్లు దేనికి కూలినయి మరి?” అంది.

దానికి నేనేం జవాబు చెప్పను? టేకుమట్ల మండలం గర్మిళ్ళపల్లికీ, మానేరు అవతలి ఒడ్డున ఉన్న ఓడేడుకీ మధ్య 2016లో మొదలుపెట్టిన వంతెన అది. ఇంకా పూర్తికాకముందే 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఈదురుగాలి వీచి దాని గడ్డర్లు ఊడి కిందపడ్డాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గాలిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆ తర్వాత తగ్గిపోయారు.

“ఉస్తాద్‌ను పిలువురా,” అంది మా అక్క కొడుకుతో. “ఆయన జూసినంక నీ ఇష్టం.”

ఉస్తాద్ చిట్యాలలో ఉంటాడు. నలభై ఏళ్ళు లారీల కింద పడుకుని, ఇప్పుడు పని మానేసిన మనిషి. పని మానేశాడన్న మాటేగాని, పిలిస్తే రాకుండా ఉండలేడు. ఆయన వచ్చేలోగా ఈ గాలి సంగతి కొంచెం చెప్పుకుందాం. ఇది తెలియకపోతే ఆయన చేసిన పని తెలియదు.

పెద్ద లారీలకూ బస్సులకూ బ్రేకులు పనిచేసేది గాలితోనే. ఇంజను తిరిగినంతసేపూ దానితో పాటు ఒక చిన్న పంపు తిరుగుతుంది. దాన్ని కంప్రెసరు అంటారు. అది బయటిగాలిని పీల్చి, అదిమి, బండి అడుగున ఉన్న ఇనుప ట్యాంకుల్లో నింపుతుంది. ఒత్తిడి సుమారుగా చదరపు సెంటీమీటరుకు 8 కిలోలకు చేరితే నిండినట్టు. అప్పుడు ఒక వాల్వు ‘ఫుస్సు’మని తెరుచుకుని, పైన వచ్చే గాలిని బయటికి వదిలేస్తుంది. ఆగిన బస్సు పక్క నిలబడినప్పుడు మీరు వినే ఆ చప్పుడు అదే. డ్రైవరు బ్రేకు తొక్కితే ట్యాంకులోని గాలి పైపుల వెంట పరుగెత్తి, ఒక్కొక్క చక్రం దగ్గరున్న రబ్బరు పొరను తోస్తుంది. ఆ పొర ఒక కడ్డీని తోస్తుంది, కడ్డీ బ్రేకును బిగిస్తుంది. డ్రైవరు కాలిది కేవలం ఆజ్ఞ. బలమంతా గాలిది.

ఎంత బలమో నేను కాగితం మీద లెక్క కట్టి చూశాను. చక్రం దగ్గర ఉండే ఆ పొర వైశాల్యం 24 చదరపు అంగుళాలు ఉందనుకోండి. లారీల్లో ఆ కొలత మామూలే. అంటే దాదాపు 155 చదరపు సెంటీమీటర్లు. గాలి 8 కిలోలుంటే ఒక్కొక్క చక్రం దగ్గర 1240 కిలోల తోపు. గాలి 4 కిలోలకు దిగితే తోపు 620. లోడు మాత్రం సగానికి దిగదు గదా!

హారను కూడా ఈ గాలి మీదే బతుకుతుంది. బూర వెనక ఒక పలచని రేకు ఉంటుంది. గాలి వచ్చి దాన్ని తోస్తుంది, రేకు కదలగానే గాలి పక్కనుంచి జారిపోతుంది, రేకు మళ్ళీ వచ్చి మూసుకుంటుంది. ఇలా క్షణానికి కొన్ని వందల సార్లు. అదే కూత. బూర పొడుగైతే బొంగురు గొంతు, పొట్టిదైతే కీచుగొంతు. రేకును తోసే ఒత్తిడి చాలకపోతే అది సరిగా లేవదు, సరిగా వాలదు. అప్పుడే గొణుగుడు.

గాలితో బండి ఆపవచ్చుననే ఊహ ఎవరికి వచ్చిందో తెలుసునా? అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ అనే కుర్రవానికి. ఇరవై మూడేళ్ళు నిండకముందే, 1869లో, రైలుకు గాలి బ్రేకు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఊహ ఒక పత్రిక చదువుతుండగా వచ్చిందని ఆయన జీవితకథ రాసినవాళ్ళు చెబుతారు. పత్రిక చందాలు కట్టించుకోవడానికి వచ్చిన అమ్మాయిల మాట తీసెయ్యలేక చందా కట్టాడట. ఆ పత్రికలో, ఆల్ప్స్ కొండల్లో సొరంగం తవ్వేవాళ్ళు అదిమిన గాలిని పైపుల్లో దూరం పంపి రాతిలో రంధ్రాలు తొలుస్తున్నారని చదివాడట. కొండను తొలిచే గాలి రైలును ఆపలేదా అనుకున్నాడు. పత్రికలు చదివేవాళ్ళకు సంతోషం కలిగించే కథ గనుక ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

కాని ఆయన మొదటి బ్రేకులో ఒక లోపం ఉండేది. గాలి వస్తేనే బ్రేకు పడుతుంది. పైపు తెగితే బ్రేకే లేదు. 1872లో దాన్ని తలకిందులు చేశాడు. గాలి ఉన్నంతసేపూ బ్రేకు విడిచి ఉంటుంది, గాలి పోతే దానంతటదే పడుతుంది. ఇప్పటి లారీల్లో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. బండి నిలిపినప్పుడు వేసే బ్రేకు రెండో రకం: బలమైన స్ప్రింగును గాలి వెనక్కి పట్టి ఉంచుతుంది, గాలి బాగా తగ్గితే స్ప్రింగు దూకి చక్రాలను పట్టేస్తుంది. కాలితో తొక్కే బ్రేకు మాత్రం ఇంకా మొదటి రకమే. గాలి ఉంటేనే అది బ్రేకు.

ఉస్తాద్ మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. మా వాడు ఉత్సాహంగా క్యాబిన్ ఎక్కి హారను నొక్కబోతే చెయ్యెత్తి ఆపాడు. “హారను తర్వాత ఇంటగని, ముందుగాల టైర్ల కింద రాళ్ళు వెట్టు,” అన్నాడు. నాలుగు పెద్ద రాళ్ళు పెట్టించాడు. నన్ను చూసి, “సారూ, కుర్సీ గంత దగ్గర ఏసుకోకుండ్రి. గాలి ఉన్న పైపు పామసొంటిది,” అన్నాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

“మీటరు ఎంత జూపిస్తున్నది?” అని అడిగాడు.

“ఏడు, ఉస్తాద్. గాలి నిండుగనే ఉన్నది,” అన్నాడు మా వాడు. అందుకే గదా వాడికి హారను మీద తప్ప దేని మీదా అనుమానం రాలేదు.

ఉస్తాద్ క్యాబిన్ ఎక్కి, ఇంజను ఆపి, బ్రేకు పెడలు వరసగా అయిదారుసార్లు తొక్కాడు. తొక్కిన ప్రతిసారీ కొంత గాలి ఖర్చు కావాలి, ముల్లు కొంత దిగాలి. అది దిగలేదు. వేలితో అద్దం మీద కొట్టాడు. అప్పటికీ దిగలేదు. “గుడి ముందటి నంది లెక్క కూసున్నది,” అన్నాడు. ముల్లు ఎన్నాళ్ళ నుంచి ఏడు దగ్గర ఇరుక్కుపోయి ఉందో దేవుడికే తెలియాలి.

“గాలి దిగితే మొత్తుకునేది ఒకటుండాలె గద, అదేది?” అంటూ డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు. గాలి ప్రమాదకరంగా తగ్గినప్పుడు ఎర్రదీపం వెలిగి, బజ్జరు మోగాలి. ఆ బజ్జరు తీగను ఎవరో కత్తిరించి, కొసకు టేపు చుట్టి, శుభ్రంగా మడిచి పెట్టారు. మా వాడు కొనకముందే జరిగిన పని. రోజూ పొద్దున్నే చెవిలో మొత్తుకుంటుంటే విసుగేసి కోశారు కాబోలు. 

ఆలోచించండి. చూపించవలసిన మీటరు అబద్ధం చెబుతోంది. అరవవలసిన బజ్జరు గొంతు కోసేశారు. ఇక ఆ బండిలో నిజం చెప్పేది ఒక్క హారనే. అది గొణిగితే మేమందరం కలిసి దానికి మందు వేయబోయాం!

ఉస్తాద్ తన సంచిలోంచి సొంత మీటరు తీసి, వెనక చక్రాల బ్రేకులకు గాలినిచ్చే ట్యాంకుకి బిగించాడు. నాలుగున్నర. ఇంజను పెట్టించాడు. ముల్లు నిదానంగా ఎక్కి, అయిదు దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఆ ‘ఫుస్సు’ చప్పుడు రాలేదు. ముందు చక్రాల ట్యాంకులో మాత్రం కొంచెం ఎక్కువే ఉంది. రెంటికీ మధ్య ఒక రక్షణ వాల్వు ఉంటుంది లెండి, ఒకటి కారితే రెండోదాన్ని కొంతవరకు కాపాడుతుంది. ఇంజను ఆపించి, ఉస్తాద్ బీడీ వెలిగించాడు.

“సారూ, నా గడియారం ఇదే. బీడీ కాలేదాక ముల్లు కదలద్దు,” అన్నాడు.

బీడీ సగం కాలేసరికి ముల్లు మూడున్నరకు దిగింది. అప్పుడు పెడలు తొక్కించాడు. ఒకటి, రెండు, మూడు... ఆరోసారి తొక్కేసరికి రెండు దాటి కిందికి పోయింది. మా అక్క వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆమెకు కిలోలూ సెంటీమీటర్లూ అక్కర్లేదు. ముల్లు పడిపోవడం కనిపిస్తోంది. “దీనిమీదనేనా నిన్న పరకాల కెంచి వచ్చినవు?” అంది కొడుకుతో. వాడు తల దించుకున్నాడు.

అమెరికాలో పెద్ద బండ్ల లైసెన్సుకి వెళ్ళే డ్రైవరు ఈ పరీక్షను అధికారి ముందు చేసి చూపించాలి. ఇంజను ఆపి బ్రేకు తొక్కిపట్టి ఉంచితే, ఒంటి లారీకి నిమిషంలో 3 పౌండ్లకు మించి ఒత్తిడి పడకూడదని అక్కడి లెక్క. అంటే మన కిలోల్లో 0.2. ఒత్తిడి మరీ కిందికి పోకముందే హెచ్చరిక వచ్చి తీరాలి. ఉస్తాద్ ఆ పుస్తకం చూసి ఉండడు. బీడీతో అదే పరీక్ష చేశాడు.

గాలి దొరకలేదంటే రెండే కారణాలు: చాలినంత రావడం లేదు, లేదా వచ్చింది కారిపోతోంది. ఈ రెండూ ఇంటి జమాఖర్చుల్లాంటివే గనుక మా అక్కకు వెంటనే బోధపడింది. రాక సంగతి చూడాలంటే కంప్రెసరు గాలి పీల్చే ఫిల్టరు తెరవాలి. తెరిస్తే లోపల దుమ్మూ దూదీ కలిసి బొంతలా పేరుకుని ఉంది. పత్తి తోలే బండికి పత్తే ముక్కు మూసింది. ఇక పోక. ఇంజను పెట్టించి ట్యాంకు నింపించాక, మా అక్క గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి ఇచ్చింది. ఉస్తాద్ పాత కుంచెతో ప్రతి అతుకు మీదా ఆ నీళ్ళు రాస్తూ పోయాడు. గాలి కారేచోట బుడగలు లేస్తాయి. ఇంతకన్న చవకైన పరికరం ప్రపంచంలో లేదు.

మొదటి అతుకు దగ్గర ఏమీ లేదు. రెండో దాని దగ్గరా లేదు. వెనక ట్యాంకు పైభాగాన, చెయ్యి దూరని సందులో కుంచె తగలగానే, చల్ల చిలికినట్టు నురుగు పొంగింది.

ఉస్తాద్ టార్చి వేసి చూసి, లోపలికి వంగి, మళ్ళీ బయటికి వచ్చి, ఆ హారన్ల కుర్రవాణ్ణి పిలిచాడు. “ఇట్ల రా బేటా. నువ్వు చేస్తానన్న పని ఎవడో నీకంటె ముందే చేసిండు, చూసుకో,” అన్నాడు.

వెనకటి యజమానుల్లో ఎవరో ఆ పాటల హారను కోసం బ్రేకు ట్యాంకుకే ఒక అతుకు వేసి, సన్నని నైలాన్ పైపు లాగించారు. ఆ పైపును ఎక్కడా సరిగా కట్టలేదు. బండి కదిలినప్పుడల్లా అది ఛాసీ అంచుకు రాసుకుని, రాసుకుని, చిల్లిపడింది. ఆ చిల్లిలోంచి బ్రేకుల గాలి రాత్రింబవళ్ళు పోతోంది. హారను నొక్కినా నొక్కకపోయినా పోతోంది. ఎందుకంటే చిల్లి హారను వాల్వుకు ఇవతల ఉంది, అక్కడ గాలి ఎప్పుడూ నిండే ఉంటుంది. వాల్వుకు అవతల ఉంటే నొక్కినప్పుడు మాత్రమే కారేది. బ్రేకులను దోచుకుంటున్నది ఆ హారనే. దోపిడీ జరుగుతోందని చెప్పిందీ ఆ హారనే.

కుర్రవాడు దుర్మార్గుడు కాడు. తన చేతిలో ఉన్న పని తను చేస్తాడు. మోత కావాలని వచ్చినవాళ్ళకు మోత ఇస్తాడు. అడిగిందే తడవుగా కుంచె అందుకుని ఉస్తాద్ వెంట తిరిగాడు. “మరి హారనుకు గాలి ఎక్కడికెంచి ఇయ్యాలె?” అని అడిగాడు. ఉస్తాద్ అతనికి ఆ నాలుగు దారుల రక్షణ వాల్వు చూపించాడు. కంప్రెసరు నుంచి వచ్చే గాలి అందులో నాలుగుగా చీలుతుంది. ముందు బ్రేకులకొకటి, వెనక బ్రేకులకొకటి, నిలిపే బ్రేకుకొకటి. నాలుగోది హారనులాంటి చిల్లరపనులకు. ఆ నాలుగో దారి చిల్లిపడి గాలి పోతే వాల్వు ఆ దారిని మూసేసి, బ్రేకుల గాలిని ఒక హద్దు కిందికి దిగనివ్వదు. బ్రేకు ట్యాంకుకే పైపు వేస్తే ఆ కాపలావాణ్ణి దాటిపోయి ఇంటికి కన్నం వేసినట్టే.

ట్యాంకు అడుగున ఉన్న రింగు లాగితే ముందు గాలి, తర్వాత నీళ్ళు, ఆ నీళ్ళతో విరిగిన పాలలాంటి నూనె మడ్డి వచ్చింది. గాలిని అదిమితే వేడెక్కుతుంది; ట్యాంకులో చల్లారితే దానిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. నీరు చేరిన మేరకు గాలికి చోటు తగ్గుతుంది, వాల్వులు తుప్పు పడతాయి. “రోజూ బండి ఆపినంక ఈ రింగు గుంజాలె. ఎవడన్న గుంజుతడా?” అన్నాడు ఉస్తాద్. నూనె ఇంకాస్త ఎక్కువైతే కంప్రెసరు రింగులు అరిగినట్టేనని, దాని మీద ఒక కన్నుండాలని మా వాడికి చెప్పాడు.

పనిలో పనిగా నేనొక సందేహం అడిగాను. మీటరు సరిగా ఉండి, గాలి నిండుగా ఉండి కూడా హారను గొణిగితే?

“అప్పుడు హారను జబ్బే,” అన్నాడు. అప్పుడు కూడా మీటరు ముందే కూర్చోవాలట. ట్యాంకు నిండుగా ఉంటే చాలదు, హారను మోగుతుండగా దాని దగ్గర ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూడాలి. బోరు మోటారు ఎంత జోరుగా పోసినా, పైపు ఒకచోట నలిగితే చివరి మడికి నీళ్ళు సన్నగానే వస్తాయి. ఇక్కడా అంతే: పైపు మడతపడవచ్చు, మరీ సన్నదై ఉండవచ్చు. బ్యాటరీ అన్న పెద్దమనిషి మాట కూడా కొట్టిపారేసేది కాదు. హారను గుండీ నొక్కితే కరెంటు వెళ్ళి వాల్వును తెరవాలి, కరెంటు నీరసంగా ఉంటే వాల్వు సగమే తెరుచుకుంటుంది. రేకు చిట్లినా, రేకు కింద మట్టి చేరినా గొంతు మారుతుంది. ఇక వానాకాలంలో నాలుగు రోజులు నిలిపిన బండి బూరలో కందిరీగ మట్టిగూడు కట్టడం ఉస్తాద్ లెక్కలేనన్నిసార్లు చూశాడట. “అసొంటప్పుడు పుల్ల వెట్టి పొడిస్తె చాలు. గని ముందుగాల పుల్ల వెట్టద్దు, ముందుగాల మీటరు జూడాలె,” అన్నాడు.

సాయంత్రమైంది. పత్తి యజమాని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. మా వాడు నలిగిపోయాడు. చిల్లి దగ్గర రబ్బరు చుట్టి తీగతో బిగిస్తే ఈ ఒక్క ట్రిప్పు నడవదా అని ఉస్తాద్‌ను బతిమాలాడు. ముసలాయన తాళంచెవులు తీసి మా అక్క చేతిలో పెట్టాడు. అంతే. మాటల్లేవు. ఆమె వాటిని కొంగున ముడి వేసుకుంది. మర్నాటి లోడు వేరే లారీలో పోయింది. కిరాయి వాళ్ళకే పోయింది. ఆ రాత్రి మా వాడు అన్నం సరిగా తినలేదు. పాపం, ఇరవై ఆరేళ్ళవాడు, నెత్తిన అప్పు. వాడి బాధ బాధ కాదని నేననలేను.

మర్నాడు పరకాల నుంచి సామాను వచ్చింది. ట్యాంకు మీది దొంగ అతుకును ఊడదీసి, ఆ రంధ్రానికి సరైన మరబిరడా బిగించారు. ఫిల్టరు మార్చారు. కొత్త మీటరు పెట్టారు. బజ్జరు తీగ కలపగానే అది ‘కీ’మని మొత్తుకుంది. ఎన్నేళ్ళ మూగనోమో! ఇంజను పెట్టాక ముల్లు ఎక్కి ఎక్కి, ఎనిమిదికి కాస్త ఇవతల ఉండగా ‘ఫుస్సు’మంది. ఉస్తాద్ బీడీ వెలిగించాడు. చివరిదాకా కాల్చి, పీకను చెప్పుతో నలిపాడు. ముల్లు కదలలేదు. తర్వాత ఊరి బయట ఖాళీ స్థలంలో నడిచే వేగంతో పోనిచ్చి నాలుగుసార్లు బ్రేకు వేయించి చూశాడు.

ఇక మిగిలింది ఆ మూడు బూరల పాటల హారను. దాన్ని కుర్రవాడి చేతే విప్పించాడు. మా వాడు గునిశాడు గాని, పట్టుబడితే జవాబు చెప్పుకోలేని వస్తువది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వది, స్వరాలు మార్చి మార్చి మోగే హారన్లనూ, చెవులు చిల్లులు పడేలా అరిచేవాటినీ బండ్లకు బిగించరాదంటుంది. లారీల వెనక ‘హారన్ ప్లీజ్’ అని మనమే రాసుకుంటాం, ఆపైన మోత అని మనమే తిట్టుకుంటాం; అది వేరే సంగతి. ఒంటి గొంతు హారను ఒకటి తెచ్చి, వాల్వులోని నాలుగో దారి నుంచి గాలి ఇచ్చి, పైపును ఛాసీకి తగలకుండా జానెడు జానెడుకి ఒక క్లిప్పు వేసి బిగించారు.

“నొక్కాల్నా ఉస్తాద్?” అన్నాడు మా వాడు, ముఖం కాస్త తెప్పరిల్లి.

“టైమెంత?”

“మూడున్నర.”

అక్కడికి వంద గజాలైనా లేదు బడి. ఆసుపత్రులకూ బడులకూ కోర్టులకూ చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ఉంచవచ్చునని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల్లో ఉంది. అలాంటి చోట హారను మోగించరాదు. ఉస్తాద్‌కు ఆ నిబంధన తెలుసో లేదో నేనడగలేదు. లోపల పిల్లలు ఎక్కం వల్లిస్తున్నారు, బయటికి వినిపిస్తోంది. “బడి ఇడిసినంక, పొలాల దిక్కు పొయ్యి నొక్కుకో,” అన్నాడు.

మా అక్క టీ తెచ్చింది. తాగి, ఇచ్చిన డబ్బులో కొంత వెనక్కి ఇచ్చేసి, సంచి భుజాన వేసుకుని బండి దగ్గరికి నడిచాడు.

“అదేమిటి ఉస్తాద్, హారను మోగుతుందో లేదో వినకుండానే వెళ్తున్నారేం?” అన్నాను.

“ముల్లు జూసిన గద సారూ,” అని కిక్కు కొట్టాడు.